పిలవని పేరంటం: కంప్యూటరుతోపాటే లేచి కూర్చునే ప్రోగ్రాములు



వార్షికోత్సవ సంచికకు పాఠంలాంటి వ్యాసం ఒకటి కావాలని అడిగినప్పుడు, కంప్యూటరు గొప్పతనం గురించి మాత్రం రాయకూడదని ముందే అనుకున్నాం. "నేటి ఆధునిక యుగంలో కంప్యూటరు లేని రంగం లేదంటే అతిశయోక్తి కాదు" అనే వాక్యం ఇలాంటి సంచికల్లో ఏ ఏడాదిది తిప్పినా ఎక్కడో ఒకచోట తగులుతుంది. రంగాల సంగతి సరే. మన ఇంట్లో ఉన్న ఆ ఒక్క కంప్యూటరూ స్విచ్చి వేసిన అయిదు నిమిషాలకు గాని పనిలోకి రాకపోతే ఏం చేయాలి? ఈ వ్యాసం అంతవరకే.

మనలాంటి ఇళ్లలోకి వచ్చే కంప్యూటర్లు ఎలాంటివో మనకు తెలుసు. ఏదో ఆఫీసులో ఆరేడేళ్లు పనిచేసి, సెకండ్ హ్యాండ్ దుకాణానికి చేరి, అక్కడి నుంచి రామచంద్రపురం చుట్టుపక్కల ఊళ్లలో ఏ రెండు గదుల ఇంటికో వస్తాయి. 4 జీబీ ర్యామ్, తిరిగే పళ్లెం ఉన్న పాతరకం హార్డ్ డిస్కు, విండోస్ 10. దానికి డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే అమ్మ డ్వాక్రా అప్పు అనో, నాన్న దాళ్వా కోతల కూలి అనో జవాబు వస్తుంది. మా ఇంట్లో డిగ్రీ పట్టా మాతోనే మొదలు. మా కంప్యూటరూ అలా వచ్చిందే.

అది నెమ్మదించిందని దుకాణానికి పట్టుకెళితే సాధారణంగా రెండే మాటలు వినపడతాయి. ఒకటి "ఫార్మాట్ కొట్టాలి", రెండు "పాతదైపోయింది, కొత్తది తీసుకోండి." కొత్తది మనవల్ల కాదు. ఫార్మాట్ అంటే అయిదారు వందల ఖర్చు. దాన్ని మించి, అందులో ఉన్నవన్నీ ముందే వేరేచోట దాచుకోకపోతే ప్రాజెక్టు రిపోర్టు, స్కాన్ చేసిన కుల ధ్రువీకరణ పత్రం, చనిపోయిన తాతగారి ఫొటో అన్నీ ఒక్క దెబ్బకు పోతాయి. ఐసెట్ కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టుకునే ఆఖరి రోజు సాయంత్రం కంప్యూటరు గుండ్రంగా తిరిగే చుక్కలు చూపిస్తూ కూర్చుంటే, నెట్ సెంటరు ముందు వరుసలో నిలబడటమే గతి. ఆ వరుసలో మనకంటే ముందు ఇరవైమంది ఉంటారు.

అందుకని ఫార్మాట్ మాట ఎత్తకముందు, పైసా ఖర్చు లేకుండా పావుగంటలో చేసుకోదగిన పని ఒకటి చెబుతాం. కంప్యూటరు లేవగానే తమంతట తామే లేచి కూర్చునే ప్రోగ్రాములను గుర్తుపట్టి, అక్కర్లేనివాటిని ఆపడం.

అందరూ ఒకేసారి తూము ఎత్తితే

కంప్యూటరు ఆన్ చేసినప్పుడు మొదట బోర్డు మీది చిన్న ప్రోగ్రాము లేచి కీబోర్డు, డిస్కు, ర్యామ్ ఉన్నాయో లేదో చూసుకుంటుంది. దీన్ని బయోస్ అంటారు. తరవాత విండోస్ మూలభాగం డిస్కు మీద నుంచి ర్యామ్‌లోకి వస్తుంది. దాని వెంట సర్వీసులు అనే తెరవెనుక పనివాళ్లు వస్తారు. మనం పాస్‌వర్డ్ కొట్టగానే బొమ్మల తెర కనిపిస్తుంది. అయిపోయిందనుకుంటాం. అసలు తొక్కిసలాట అప్పుడే మొదలవుతుంది. విండోస్ తన రిజిస్ట్రీలో "రన్" అనే పద్దు తెరిచి, అందులో ఎవరెవరు పేరు రాయించుకున్నారో చూసి, అందరినీ ఒకరి వెంట ఒకరిని లేపుతుంది. స్టార్టప్ అనే ఫోల్డరు ఇంకొకటి ఉంది, అందులో ఉన్నవీ లేస్తాయి. టాస్క్ షెడ్యూలర్ అనే మూడో దారిలో వచ్చేవి మరికొన్ని.

మన డెల్టావాళ్లకు దీన్ని అర్థం చేసుకోవడం కష్టం కాదు. దాళ్వాలో గోదావరిలో నీరు తగ్గిన ఏడు వంతులవారీగా కాలువలకు వదులుతారు. వంతులు పాటించకుండా దారి పొడవునా రైతులందరూ ఒకేసారి తూములెత్తేస్తే ఎవరి చేనూ సరిగా తడవదు, శివారు పొలానికి చుక్క రాదు. కంప్యూటర్లో ఆ శివారు పొలం మనమే. మనం తెరిచిన వర్డ్ ఫైలో, బ్రౌజరో అన్నిటికంటే చివర వరుసలో నిలబడి ఉంటుంది. కంప్యూటరు "పాడైంది" అని మనం అనుకునే చాలా సందర్భాల్లో అది పాడవలేదు. మనం పిలవనివాళ్లకు వడ్డిస్తోంది.

లెక్క వేసి చూపిస్తాం, ఇంటర్ ఫిజిక్సు చాలు. మామూలు డెస్క్‌టాప్ హార్డ్ డిస్కు నిమిషానికి 7200 చుట్లు తిరుగుతుంది. అంటే సెకనుకు 120 చుట్లు. కావలసిన సమాచారం ఉన్న చోటు ముల్లు కిందికి రావడానికి సగటున అరచుట్టు తిరగాలి, దానికి 4 మిల్లీసెకన్లు పైన పడుతుంది. ముల్లు ఆ గీత దగ్గరికి జరగడానికి సుమారు 8 మిల్లీసెకన్లు. మొత్తం 12 పైచిలుకు. కాబట్టి ఒక సెకనులో ఈ డిస్కు 80 వేర్వేరు చోట్లకు మాత్రమే వెళ్లి రాగలదు. ఇప్పుడు 15 ప్రోగ్రాములు ఒకేసారి లేచాయనుకుందాం. ఒక్కొక్కదానికి డిస్కులో అక్కడక్కడా ఉన్న 300 ముక్కలు కావాలనుకుందాం. 15 ఇంటూ 300, మొత్తం 4500. దాన్ని 80తో భాగిస్తే 56 సెకన్లు. ప్రాసెసరు ఎంత వేగమైనదైనా ఆ 56 సెకన్లూ చేతులు కట్టుకుని నిలబడవలసిందే. అదే పని పళ్లెం లేని ఎస్‌ఎస్‌డీ అయితే ఒక్కో చోటికి పది వంతుల్లో ఒక మిల్లీసెకను చొప్పున అరసెకనులో ముగిస్తుంది. అందుకే ఎస్‌ఎస్‌డీ ఉన్న అన్నయ్యలకు ఈ జబ్బు ఇంత బాధగా అనిపించదు. వాళ్లు ఈ వ్యాసం చివర ఉన్న డేటా సంగతి, భద్రత సంగతి చదివితే చాలు.

డిస్కు తరవాత ర్యామ్. 4 జీబీలో విండోస్ తనకోసమే సగానికి దగ్గరగా ఉంచుకుంటుంది. మిగిలిన దాంట్లో ఈ పేరంటాలు ఒక్కొక్కటి యాభై, వంద ఎంబీల చొప్పున సర్దుకుంటాయి. ఆ తరవాత మనం క్రోమ్ తెరిచామంటే చోటు చాలక, ర్యామ్‌లో ఉన్నదాన్ని మళ్లీ డిస్కు మీద రాసి పెట్టడం మొదలవుతుంది. అంటే ఆ నత్తనడక డిస్కు మీదే మరో బరువు.

అసలు ఇవి ఎందుకు చేరతాయి?

ఏ ప్రోగ్రాము తయారుచేసినవాళ్లకైనా తమదే ముఖ్యమనిపిస్తుంది. ముందే లేచి ఉంటే, మనం నొక్కగానే తెరుచుకుంటుంది, "అబ్బ, ఎంత వేగం" అనుకుంటాం. కొత్త వెర్షన్ వచ్చిందేమో చూసిరావడానికి కొన్ని లేస్తాయి. ప్రింటరు కొన్నప్పుడు దానితో వచ్చిన సీడీలోవి సిరా ఎంత ఉందో చెప్పడానికి లేస్తాయి. ఆ ప్రింటరు అమ్మేసి రెండేళ్లయినా సరే. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మనం "నెక్స్ట్, నెక్స్ట్, ఫినిష్" అని కళ్లు మూసుకుని నొక్కుతాం కదా, ఆ మధ్యలో ఎక్కడో "విండోస్‌తోపాటు మొదలవ్వాలి" అని ముందే టిక్కు పెట్టిన చిన్న గడి ఉంటుంది.

మైక్రోసాఫ్టుకు 2014 ఫిబ్రవరి నుంచి సీఈవోగా ఉన్న సత్య నాదెళ్ల హైదరాబాదులో పుట్టి పెరిగినవారు. ఆ కంపెనీ 1998లోనే హైదరాబాదులో డెవలప్‌మెంట్ సెంటరు పెట్టింది. అది మనందరికీ గర్వకారణమే. గర్వపడుతూనే, ఆ కంపెనీవే అయిన వన్‌డ్రైవ్, టీమ్స్, ఎడ్జ్ మనకు పొద్దున్నే అవసరమా అని కూడా ఆలోచిద్దాం.

పని మొదలుపెట్టే పద్ధతి

ముందు ఒక కాగితం, పెన్ను, ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టుకోండి. కంప్యూటర్ని రీస్టార్ట్ చేసి, బ్రౌజరు తెరుచుకుని ఒక పేజీ కనిపించే వరకు ఎంతసేపు పట్టిందో రాసుకోండి. షట్‌డౌన్ కాదు, రీస్టార్టే చేయండి. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు ఒకటి వచ్చింది. అది పనిచేస్తుంటే షట్‌డౌన్ చేసినప్పుడు విండోస్ మూలభాగాన్ని పూర్తిగా మూయకుండా డిస్కులో దాచి, మర్నాడు దాన్నే తీసి వాడుతుంది. రీస్టార్ట్ చేస్తేనే అంతా మొదటి నుంచి మొదలవుతుంది, లెక్క సరిగా వస్తుంది.

తరవాత కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు మీటలూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. చిన్నదిగా కనిపిస్తే కింద "మోర్ డీటెయిల్స్" నొక్కాలి. విండోస్ 10లో పైన వరుసలో "స్టార్టప్" అని ఉంటుంది. విండోస్ 11లో ఎడమవైపు "స్టార్టప్ యాప్స్" అని ఉంటుంది. ఇప్పటికీ విండోస్ 7 మీద ఉన్నవాళ్లు రన్ పెట్టెలో "ఎంఎస్‌కాన్ఫిగ్" కొట్టాలి. ఇది విండోస్ 98 కాలం నుంచి ఉన్న పనిముట్టు. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి ఈ జాబితాను టాస్క్ మేనేజర్‌లోకి మార్చారు.

ఈ టాస్క్ మేనేజరు మన కాలువ మీది లస్కరులాంటిది. ఎవరు ఏ తూము ఎత్తారో అతని దగ్గర లెక్క ఉంటుంది. జాబితాలో ప్రోగ్రాము పేరు, తయారీదారు పేరు, ఎనేబుల్డా డిసేబుల్డా అన్నది, చివర "స్టార్టప్ ఇంపాక్ట్" అన్న గడి ఉంటాయి. అందులో హై, మీడియం, లో అని కనిపిస్తాయి. వీటికి మైక్రోసాఫ్టు పెట్టిన కొలతలు ఉన్నాయి. లేచేటప్పుడు ఒక సెకను కంటే ఎక్కువ ప్రాసెసరు సమయం గాని, 3 ఎంబీ కంటే ఎక్కువ డిస్కు రాకపోకలు గాని తీసుకుంటే హై. ప్రాసెసరు సమయం 300 మిల్లీసెకన్ల లోపు, డిస్కు రాకపోకలు 300 కేబీ లోపు ఉంటే లో. మధ్యవి మీడియం. 3 ఎంబీ ఏమంత ఎక్కువ అనిపించవచ్చు. పైన డిస్కు లెక్క చూశారు కదా, అవి చిన్న ముక్కలుగా వస్తేనే చిక్కు. కొత్తగా మార్చినవాటికి "నాట్ మెజర్డ్" అని వస్తుంది, కంగారు పడనక్కర్లేదు.

అక్కర్లేనిదాని మీద కుడి బటన్ నొక్కి "డిసేబుల్" అనండి. అంతే. ఒక మాట స్పష్టంగా చెప్పాలి, ఎందుకంటే మన జూనియర్లు ఎక్కువగా భయపడేది ఇక్కడే. మొన్న ఒక తమ్ముడు, "అన్నయ్యా, డిసేబుల్ అంటే అది పోతుందా? జూమ్ మళ్లీ ఎక్కించుకోవాలా?" అని అడిగాడు. పోదు నాన్నా. డిసేబుల్ అంటే ఇంట్లోంచి గెంటేయడం కాదు, పొద్దున్నే తలుపు కొట్టొద్దని చెప్పడం. నువ్వు జూమ్ బొమ్మ నొక్కిన క్షణాన అది మామూలుగానే తెరుచుకుంటుంది. నచ్చకపోతే అదేచోట "ఎనేబుల్" అంటే యథాస్థితి.

విండోస్ 10, 11లలో సెట్టింగ్స్, యాప్స్, స్టార్టప్ అనే దారిలో వెళ్లినా ఇదే జాబితా ఆన్, ఆఫ్ మీటలతో కనిపిస్తుంది. అమ్మానాన్నలకు నేర్పాలంటే ఆ దారే సులువు.

ఏవి ఆపవచ్చు?

నిస్సంకోచంగా ఆపదగినవి చాలా ఉన్నాయి. పాటల యాప్ స్పాటిఫై, ఆటల యాప్ స్టీమ్, టోరెంటు ప్రోగ్రాములు, జూమ్, టీమ్స్, ఫోన్ లింక్, అడోబీ వారి అప్‌డేట్ చూసే ప్రోగ్రాము, జావా అప్‌డేట్ షెడ్యూలర్. స్కైప్ సేవ 2025 మే నెలలోనే మూతపడింది. పాత కంప్యూటర్లో దాని పేరు ఇంకా జాబితాలో ఉంటే ఆపడం కూడా అనవసరం, పూర్తిగా తీసేయండి. ప్రింటరు తాలూకు సిరా చూపించే ప్రోగ్రాము ఆపినా ప్రింటు మామూలుగానే వస్తుంది.

ఆలోచించి ఆపవలసినవి కొన్ని. వన్‌డ్రైవ్‌లో మీ ప్రాజెక్టు ఫైళ్లు ఉన్నాయా? ఉంటే అది లేవకపోతే మీరు ఇంట్లో మార్చినది పైకి ఎక్కదు, కాలేజీ ల్యాబ్‌లో తెరిస్తే పాత కాపీ వస్తుంది. అందులో ఏమీ దాచుకోనివాళ్లకు అది లేవనవసరం లేదు. శబ్దానికి సంబంధించిన రియల్‌టెక్ ప్రోగ్రాము ఆపినా పాట వినిపిస్తుంది గాని, ఇయర్‌ఫోన్ పెట్టినప్పుడు వచ్చే చిన్న కిటికీ రాకపోవచ్చు. ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్ ప్రోగ్రామును మాత్రం కదపకండి. రెండువేళ్లతో పేజీ జరపడంలాంటి సౌకర్యాలు పోవచ్చు.

ముట్టుకోకూడనివి ఉన్నాయి. వేరే కంపెనీ యాంటీవైరస్ ఉంటే దాన్ని ఆపకండి. "విండోస్ సెక్యూరిటీ నోటిఫికేషన్ ఐకాన్" అని ఒకటి ఉంటుంది. దాన్ని ఆపితే డెస్క్‌టాప్ మూల బొమ్మ మాత్రమే పోతుంది, విండోస్ డిఫెండర్ కాపలా పోదు. అయినా ఆ బొమ్మ ఎర్రబడితేనే కదా మనం చూసుకునేది, ఉంచేయడమే మంచిది.

ఇంకొకటి, మేము ప్రత్యేకంగా చెప్పాలనుకున్నది. ఇంట్లోగాని హాస్టల్లోగాని చూపులేని విద్యార్థి వాడే కంప్యూటరైతే జాబితాలో "ఎన్‌వీడీఏ" అనే పేరు ఉండవచ్చు. తెరమీది అక్షరాలను చదివి వినిపించే ఉచిత ప్రోగ్రాము అది. 2006లో ఆస్ట్రేలియాలో మైఖేల్ కరన్ మొదలుపెట్టాడు, జేమ్స్ టే తోడయ్యాడు. ఇద్దరూ చూపులేనివారే. దానితో వచ్చే ఈస్పీక్ గొంతు తెలుగు కూడా చదువుతుంది. ఇంపాక్ట్ గడిలో హై అని ఉందని దాన్ని ఆపేస్తే, ఆ తమ్ముడికి కంప్యూటరు లేచిందో లేదో కూడా తెలియదు. అది మనకు భారం, అతనికి చూపు. అందరూ కలిసి వాడే కంప్యూటర్లో ఏది ఆపినా ముందు అందరినీ అడగాలన్నది అందుకే.

తెలుగు టైపు చేసేవాళ్లకు

దాదాపు ఇరవై ఏళ్ల కిందట, విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో, కంప్యూటరు వేగం పెంచే చిట్కాలంటూ తిరిగిన జాబితాల్లో "సీటీఎఫ్‌మోన్‌ను ఆపేయండి" అన్నది తరచుగా ఉండేది. ఇంగ్లీషు తప్ప మరో భాష టైపు చేయనివాళ్లకు ఆ సలహా చెల్లింది. మనకు చెల్లదు. భాషలు మార్చే పట్టీని నడిపేది అదే. ఎక్స్‌పీ 2001లో గౌతమి ఫాంటుతో, తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డుతో వచ్చింది. సీటీఎఫ్‌మోన్‌ను పీకేసినవాడు మర్నాడు తెలుగు పట్టీ ఏమైందని వెతుక్కునేవాడు. ఇప్పటి విండోస్‌లో అది స్టార్టప్ జాబితాలో కనపడదు, టాస్క్ షెడ్యూలర్ దారిన లేస్తుంది. పాత చిట్కాలు చూసి అక్కడికి వెళ్లి దాన్ని ఆపకండి.

డీటీపీ నేర్చుకుంటున్న తమ్ముళ్ల కంప్యూటర్లలో అను స్క్రిప్ట్ మేనేజర్ ఉంటుంది. పేజ్‌మేకర్లో అను ఫాంట్లతో టైపు చేయాలంటే అది వెనక నడుస్తూ ఉండాలి. రోజూ టైపు పనిచేసే కంప్యూటరైతే ఉంచండి. నెలకోసారి చేసేవాళ్లు ఆపుకుని, కావలసినప్పుడు చేత్తో తెరుచుకుంటే సరిపోతుంది.

డేటా సంగతి

మన ఇళ్లలో చాలావాటికి కేబుల్ నెట్ లేదు. అమ్మ ఫోన్ హాట్‌స్పాటే ఆధారం. రోజుకు ఒకటిన్నర జీబీ అని రీఛార్జి చేయిస్తే, కంప్యూటరు కలిపిన పావుగంటలోనే సగం అయిపోయిందని మెసేజి వస్తుంది. మనం ఒక్క పీడీఎఫ్ కూడా దించలేదే! దించినవాళ్లు వేరే ఉన్నారు. లేచిన ప్రతి అప్‌డేట్ ప్రోగ్రామూ తన కొత్త కాపీ తెచ్చుకుంటుంది, వన్‌డ్రైవ్ ఫొటోలు పైకి పంపుతుంది. మధ్యాహ్నం ఆన్‌లైన్ క్లాసు వేళకు మిగిలేది బండి నడక.

స్టార్టప్‌లో ఆపడంతోపాటు ఇంకొకటి చేయాలి. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, అందులో వైఫై, మన హాట్‌స్పాట్ పేరు నొక్కితే "మీటర్డ్ కనెక్షన్" అని ఉంటుంది. దాన్ని ఆన్ చేస్తే ఇది కొలిచి వాడే నీరు అని విండోస్‌కు తెలుస్తుంది. పెద్ద అప్‌డేట్లు చాలావరకు తమంతట దిగవు, వన్‌డ్రైవ్ తన పని ఆపి మనల్ని అడుగుతుంది. అయితే అప్‌డేట్లు ఎప్పటికీ వద్దనుకోవద్దు. వైఫై దొరికినచోటికి తీసుకెళ్లినప్పుడు చేయించుకోండి. విండోస్ 10కి మామూలు భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ముగిశాయి. అదనపు అప్‌డేట్లకు విడిగా నమోదు చేసుకోవలసి వచ్చింది. ఆ వెర్షన్ మీదే ఉన్నవాళ్లు బ్యాంకు పనులు దానిలో చేయకపోవడం మేలు.

తెలియని పేరు కనిపిస్తే

ఇది కొంచెం నిలబడి చూడవలసిన చోటు. సెకండ్ హ్యాండ్ కంప్యూటర్లో మనకంటే ముందు వాడినవాళ్లు వదిలినవి ఉంటాయి. జాబితాలో తయారీదారు పేరు ఖాళీగా ఉన్నదాని మీద కుడి బటన్ నొక్కి "ఓపెన్ ఫైల్ లొకేషన్" అనండి. ప్రోగ్రామ్ ఫైల్స్‌లో తెలిసిన పేరున్న ఫోల్డరుకు తీసుకెళితే భయం తక్కువ. టెంప్ అనే ఫోల్డరుకో, అర్థంలేని అక్షరాల పేరున్న చోటుకో తీసుకెళితే అనుమానించి, ముందు డిసేబుల్ చేసి, యాంటీవైరస్‌తో పూర్తి స్కాన్ చేయించండి. కొన్నిసార్లు వట్టి "ప్రోగ్రామ్" అన్న పేరుతో, బొమ్మ లేకుండా ఒకటి కనిపిస్తుంది. చాలాసార్లు అది ఎప్పుడో తీసేసిన ప్రోగ్రాము మిగిల్చిన పద్దు, ఆపితే నష్టం లేదు.

ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్‌లాంటి పేర్లు కనిపిస్తే ఇంకా జాగ్రత్త. ఇవి దూరంగా ఉన్నవాడు మన తెర చూసి, మన మౌసు కదపడానికి వీలు కల్పించేవి. మంచి పనికే చేశారు, ఆఫీసుల్లో వాడతారు. కాని ఎనీడెస్క్‌ను అడ్డుపెట్టుకుని డబ్బు కాజేసే మోసాల గురించి 2019 ఫిబ్రవరిలో రిజర్వు బ్యాంకే హెచ్చరించింది. మీరు పెట్టుకోకుండా అది మీ కంప్యూటర్లో పొద్దున్నే లేస్తూ ఉంటే డిసేబుల్ చాలదు. పూర్తిగా తీసేసి, ముఖ్యమైన పాస్‌వర్డులు వేరే పరికరం నుంచి మార్చుకోండి.

స్టార్టప్ జాబితాలో కనపడనివి కూడా చూడాలనుకునే ఎంసీఏ, బీటెక్ తమ్ముళ్లకు "ఆటోరన్స్" అనే ఉచిత పనిముట్టు ఉంది. మార్క్ రుసినోవిచ్, బ్రైస్ కాగ్స్‌వెల్ అనే ఇద్దరు 1996లో మొదలుపెట్టిన సిస్‌ఇంటర్నల్స్ నుంచి వచ్చింది. 2006లో మైక్రోసాఫ్టు ఆ సంస్థను కొనేసి, పనిముట్లను మాత్రం ఉచితంగానే ఉంచింది. తెరిచినప్పుడు వందల వరుసలు కనిపించి బెదురు పుడుతుంది. ముందు "హైడ్ మైక్రోసాఫ్ట్ ఎంట్రీస్" పెట్టండి. టిక్కు తీయండి గాని డిలీట్ నొక్కకండి. ఎంఎస్‌కాన్ఫిగ్‌లో సర్వీసుల జోలికి వెళ్లినా ఇదే నియమం: "హైడ్ ఆల్ మైక్రోసాఫ్ట్ సర్వీసెస్" పెట్టకుండా ఒక్క టిక్కూ తీయవద్దు. తెలియక తీస్తే నెట్టు పనిచేయదు, ప్రింటరు దొరకదు, ఒక్కోసారి లాగిన్ తెరే రాదు. అప్పుడు నిజంగానే దుకాణానికి పరుగెత్తాలి.

"మీ కంప్యూటర్లో 1,200 సమస్యలు ఉన్నాయి, వేగం పెంచుకోండి" అంటూ ప్రకటనల్లో వచ్చే ప్రోగ్రాముల గురించి ఒక్క వాక్యం చాలు. అవి ఎక్కించుకున్నాక స్టార్టప్ జాబితా తెరిచి చూడండి, మొదటి వరుసలో అవే ఉంటాయి.

ఎంత మారుతుంది, ఎంత మారదు

మా 4 జీబీ కంప్యూటర్లో ఇరవై మూడు పేర్లు కనిపించాయి. పద్నాలుగు ఆపాం. స్విచ్చి వేసినప్పటి నుంచి బ్రౌజరు తెరుచుకునే వరకు అంతకుముందు నాలుగు నిమిషాలు పైన పట్టేది, రెండు నిమిషాల లోపుకు వచ్చింది. అందరికీ ఇంతే వస్తుందని కాదు. అన్నీ ఒకేరోజు ఆపలేదు కూడా. మూడో నాలుగో ఆపి, రీస్టార్ట్ చేసి, ఒకరోజు వాడి చూసి, ఏమీ చెడలేదనుకున్నాకే తరవాతవి. ఒకేసారి పద్నాలుగు ఆపితే, ఏదైనా తేడా వచ్చినప్పుడు దేనివల్ల వచ్చిందో ఎలా తెలుస్తుంది?

టాస్క్ మేనేజర్ స్టార్టప్ పేజీలో పైమూల "లాస్ట్ బయోస్ టైమ్" అని సెకన్లలో ఒక అంకె ఉంటుంది. విండోస్ మొదలుకాకముందు బోర్డు తీసుకున్న సమయమది. అదే ముప్పై, నలభై సెకన్లు ఉంటే మనం ఆపిన ప్రోగ్రాములతో దానికి సంబంధం లేదు. డిస్కు నుంచి టకటక శబ్దం వస్తున్నా, ఫైళ్లు తెరవడానికి మొరాయిస్తున్నా వేగం మాట పక్కన పెట్టి, వెంటనే సర్టిఫికెట్లు, ప్రాజెక్టులు పెన్‌డ్రైవులోకి ఎక్కించుకోండి. అది చివరి రోజుల్లో ఉందన్నమాట. డబ్బు కూడబెట్టుకుని ఒకే ఒక్కటి మార్చగలిగితే ర్యామ్ కంటే ముందు ఎస్‌ఎస్‌డీ వేయించమంటాం మేము. పైన వేసిన లెక్కే దానికి కారణం.

ఇక బ్రౌజర్లు. స్టార్టప్‌లో ఆపినా ఇవి మూసేశాక కూడా వెనక మెలకువగా ఉంటాయి. క్రోమ్‌లో సెట్టింగ్స్, సిస్టమ్ అనే చోట "క్రోమ్ మూసేశాక కూడా బ్యాక్‌గ్రౌండ్ యాప్స్ నడవనివ్వాలి" అన్న అర్థం వచ్చే మీట ఉంటుంది, దాన్ని ఆపండి. ఎడ్జ్‌లో సిస్టమ్ అండ్ పెర్ఫార్మెన్స్ కింద "స్టార్టప్ బూస్ట్" ఉంటుంది, దాన్నీ ఆపండి.

ఏది ఆపారో, ఏ తేదీన ఆపారో ఒక నోటుపుస్తకంలో రాసి కంప్యూటరు పక్కనే పెట్టండి. పెద్ద అప్‌డేట్లు వచ్చినప్పుడు కొన్ని ప్రోగ్రాములు మళ్లీ పేరు రాయించుకుంటాయి. రెండు మూడు నెలలకోసారి టాస్క్ మేనేజర్ తెరిచి ఆ పుస్తకంతో సరిచూసుకోవాలి. మా ఇంటి పుస్తకంలో ఆ పని మా చెల్లెలు చేస్తోంది, తొమ్మిదో తరగతి.